రాతిలోని యాకులకు పేరేది?

బోరబండ యను పేరులోనే బండ యున్నది. మేడలు పెరిగి రాళ్లు తరుగుచున్న ఈ హైదరాబాదు సీమయందు నేటికిని నిలిచియున్న బండలు ఇంచుమించు 250 కోట్ల యేండ్ల నాటివి. భూగర్భమున కరిగియున్న ద్రవ్యము చల్లారి గడ్డకట్టగా నేర్పడినవి. అప్పటికి నేలపై చెట్టే పుట్టలేదు. కావున వానియందు ఆకు ముద్రకై వెదకుట వ్యర్థము. ప్రాచీన వృక్షములను చూడగోరువారు గోదావరి లోయలోని బొగ్గుగనులకు పోవలెను.

1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగు కనుగొన్న యా బొగ్గు నేడు సింగరేణి పేర లోకవిదితము. ఆ పొరలతో కలిసియున్న మెత్తని రాతిపలకలను చీల్చినచో నాలుకవంటి యాకుల ముద్రలు కానవచ్చును. అవి 25 కోట్ల యేండ్లకు పూర్వపు వృక్షములవి. ఇట్టి యాకునకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బ్రోన్యార్ 1828లో ‘గ్లాసోప్టెరిస్’ అని పేరిడెను. గ్రీకు భాషలో ‘నాలుక ఫెర్ను’ అని దాని యర్థము. ఆ చెట్టు ఫెర్ను కాదనియు, విత్తనములు గలదనియు తరువాత తేలినను పేరు మారలేదు. దాని వేరు విడిగా దొరకగా, వెన్నుపూసలను పోలియుండుటచే ‘వర్టిబ్రేరియా’ యనిరి. ఆ వర్గపు ఫలభాగములలో నొకదానికి 1902లో ‘ఓటోకేరియా’ యను పేరు వచ్చెను; మన గోండ్వానా శిలాజములను వర్ణించిన ఓటోకార్ ఫైస్ట్‌మాంటెల్ పేరిట నేర్పడినది.

ఒక్క వృక్షవర్గమునకు ఇన్ని పేర్లేల? ఇది పండితుల చాదస్తమని కొందరనవచ్చును. మా యభిప్రాయ మది కాదు. ఆకొకచోట, వేరొకచోట దొరకినప్పుడు రెండును ఒకే చెట్టువని ఋజువు లేక చెప్పుట సాహసము. కన్నదానికే పేరు, ఊహించినదానికి కాదు: ఇదియే ఈ శాస్త్రధర్మము.

భూస్వాములకీ న్యాయము క్రొత్త కాదు. ఒకే భూమికి రెండు రిజిస్టరు దస్తావేజులున్నచో సాధారణముగా ముందు వ్రాసి యిచ్చినదే చెల్లును. అట్లే ఒకే శిలాజమునకు ఇరువురు పేరిడినచో సాధారణముగా ముందు సక్రమముగా ప్రకటింపబడిన పేరే నిలుచును. పేరునకు ఆధారమైన రాతిపలక మూలదస్తావేజు వంటిది; దానిని భద్రపరుపవలెను. 1996 నుండి శిలావృక్షముల వర్ణన లాటిను లేక ఆంగ్లమున నుండవలెనని నియమము. కాని పేరును ఏ భాషాపదమునుండియైనను నిర్మింపవచ్చును. గోండుల సీమనుబట్టి వచ్చిన ‘గోండ్వానా’ యను పేరును నేడు ప్రపంచమంతయు నుచ్చరించుచున్నది గదా! మన యూళ్ల పేర్లకు మాత్రమా గౌరవ మేల దక్కరాదు?

అయితే పేరిడుటకు ముందు ఆకు మిగిలియుండవలెను. 1912లో దక్షిణధ్రువమునుండి మరలివచ్చుచు మంచులో మరణించిన స్కాటు బృందము, ప్రాణము పోవుచున్నను సుమారు 16 కిలోల రాళ్లను విడువలేదు. వానిలో గ్లాసోప్టెరిస్ ఆకులుండెను. మన ఓపెన్‌కాస్టు గనులలోనో, బొగ్గుకై రాతిపలకలను పేల్చి కుప్పలుగా పోయుచున్నారు. ఏ కుప్పలో పేరులేని యాకు పొడియగునో ఎవరెరుగుదురు?

బొగ్గు త్రవ్వవలదని మేమనము. దాని వెలుగు మన యిండ్లలోనే యున్నది. కాని ప్రతి గనియొద్దను ఆకుముద్రల నేరి, దొరకిన తావును, పొరను, తేదీని వ్రాసి యుంచుటకు గొప్ప ధనము పట్టదు. సమీప పాఠశాలల బాలురకు వానిని చూపినచో రేపటి నామకర్తలు వారిలోనుండియే వత్తురు. కాల్చిన బొగ్గు మరల రాదు; పొడియైన యాకునకు పేరును రాదు.