చలిదేశపు ద్రాక్షతీగకు ఆహారము

మొక్క వాడినదనిన నీళ్లు పోయుదుము; ఆకు పసుపువాఱినదనిన ఎరువు వేయుదుము. రెండును మంచి యుద్దేశముతో చేయు పనులే. కాని పెట్టిన తిండి యంతయు బలమగునను నమ్మకము తోటపనిలో మనలను అనేకమాఱులు మోసపుచ్చును. నాలుగేండ్ల క్రిందట మా బడితోటలో ఒక చిక్కుడుపాదునకు నేనే దగ్గఱనుండి పిల్లలచేత పెంటయెరువును, అది చాలదని పిమ్మట యూరియాను విరివిగా వేయించితిని. పందిరి కనబడకుండ ఆకు క్రమ్మినది. సంక్రాంతినాటికి కాయలు కోయబోగా పిడికెడైనను లేవు. పిల్లలు నా వంక చూచిన చూపు నాకింకను జ్ఞాపకమున్నది. ఆ తప్పువలన మాకు పోయినది ఒక పూట కూర మాత్రమే. ఆ తప్పే చేసినయెడల తీగలు చచ్చి, కొన్నేండ్ల కష్టము ఒక్క రాత్రిలో మన్నగు దేశములు కలవు. అట్టి యొక దేశపు ద్రాక్షతోటలను గూర్చి నేను చదివి తెలిసికొన్న సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులలో వ్యవసాయము చేయువారికిని చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

అమెరికా సంయుక్తరాష్ట్రముల ఉత్తరపు సరిహద్దున మిన్నెసోటా యను రాష్ట్రము కలదు. దానికి తూర్పున విస్కాన్సిన్ రాష్ట్రము. చలికాలమున అచ్చటి సరస్సులు గడ్డకట్టి, వానిమీద మోటారుబండ్లు సైతము నడచును. కొన్ని రాత్రులు సున్నకు దిగువ 30 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు చలి దిగును. ఐరోపాఖండమున వేలయేండ్లనుండి సాగగుచున్న ద్రాక్షజాతి సున్నకు దిగువ 20 డిగ్రీలు దాటినదో లేదో మొగ్గలను పోగొట్టుకొనును. ఆ ప్రాంతముననే యేటియొడ్డుల అడవిద్రాక్ష యొకటి పెరుగుచున్నది. దానికి ఆ చలి లెక్కలేదు గాని, పండ్లు మిక్కిలి చిన్నవి, పులుపు దుస్సహము. ఇట్టి అడవిద్రాక్ష ఓర్పును తోటద్రాక్ష రుచిని ఒక తీగలో చేర్చుటకు విస్కాన్సిన్ రైతు ఎల్మర్ స్వెన్సన్ (1913–2004) 1943లో తన పొలమున పూనుకొనెను. తరువాత ఆయన మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందును పనిచేసెను. ఆ విశ్వవిద్యాలయమువారు 1996లో ఫ్రాంటెనాక్, 2002లో లా క్రెసెంట్, 2006లో మార్కెట్ అను రకములను విడుదల చేసిరి. ఈ కడపటి పేరు విని సంతయని తలపకుడు. 17వ శతాబ్దమున ఆ దేశమున సంచరించిన జాక్ మార్కెట్ అను ఫ్రెంచి మిషనరీ పేరది. ఈ పండ్లను అచ్చట ముఖ్యముగా ద్రాక్షారసము చేయుటకే పండింతురు. దానిని త్రాగుట మంచిదా చెడ్డదా యనునది ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. తీగకు ఏమి పెట్టవలెను, ఎప్పుడు మానవలెను అనునదే మనకు కావలసినది.

ముందుగా ఆ తీగ చలికాలమును ఎట్లు గడుపునో తెలిసికొనవలెను. కణుపు కణుపునకు ఒక కన్నుండును. చూచుటకు ఒకటే యైనను ఆ కంటిలో మూడు మొలకలు ఒదిగియుండును. నడిమి మొలక పెద్దది; మఱుచటి యేటి పంట ముఖ్యముగా దానినుండియే రావలెను. తక్కిన రెండును ఆపద్ధనమువంటివి. వేసవి చివఱ పగళ్లు కుఱుచయగుకొలది తీగ పెరుగుదల మానుకొనును. పచ్చని లేతకొమ్మ గోధుమవన్నె బెరడు కట్టి కట్టెగా ముదురును. ఆకులు ఎండతో వండిన పిండిపదార్థము కట్టెలోనికిని వేళ్లలోనికిని దిగి నిలువయగును. చలి హెచ్చగుకొలది అందు కొంత చక్కెరగా మాఱును. మొగ్గలలోని నీరు కొంత తగ్గి, మిగిలినది సున్నకు ఎంతో దిగువ వఱకు గడ్డకట్టక ద్రవముగానే నిలుచును. ఆ యోర్పునకును ఒక హద్దు కలదు. అది దాటిన నీరు గడ్డకట్టి కణములను చంపును. అయితే ఈ సన్నాహమంతయు జరుగుటకు వ్యవధి కావలెను. పెరుగుట మానని తీగ ముదురదు. ముదురని కొమ్మ ఎంత మంచి రకమునకు చెందినదైనను మొదటి గట్టి మంచుకే నల్లబడి చచ్చును. విశ్వవిద్యాలయమువారు తీగకు ఓర్చుకొను శక్తిని ఇయ్యగలిగిరి గాని, ఆ శక్తిని కూడదీసికొను వ్యవధిని ఇచ్చుటయో చెఱచుటయో రైతు చేతిలోనే యున్నది.

చెఱచుటకు అన్నిటికంటె సులభమైన సాధనము నత్రజని. ఇది ఆకును కొమ్మను పెంచును. చాలకున్న తీగ వెలవెలబోవును. కావున ఇది యక్కఱలేనిది కాదు. కాని ఎక్కువైనపుడు తీగ వేసవి కడవఱకు చిగుర్చుచునే యుండును. ఆకులు ఒకదానిమీద నొకటి క్రమ్మి గుత్తులకు ఎండ తగులనీయవు. గాలి యాడక బూజుతెగుళ్లు ప్రబలును. నీడపడిన కన్నులలో మఱుసటి యేటి పూగుత్తులు సరిగా రూపొందవు. కడకు పచ్చికొమ్మలతో తీగ చలికి చిక్కును. మిన్నెసోటాలో ఈ ప్రమాదము మఱింత హెచ్చు. ఏలయన అచ్చట ననేక భూములు పూర్వము గడ్డిమైదానములై యుండి, నల్లగా సారవంతములై యున్నవి. నేలలో నూటికి 1 పాలు జీవపదార్థమున్న, అది క్రుళ్లుచు ఎకరమునకు ఏటికి సుమారు 20 పౌనుల నత్రజని నిచ్చునని లెక్క. నూటికి 4 పాళ్లున్న నేల 80 పౌనుల వఱకు తానే యీయగలదు. ఒక టన్ను పండ్లతో తోటనుండి వెడలిపోవునది సుమారు 3 పౌనులు మాత్రమే. ఎకరమునకు 4 టన్నులు కోసినను పోయినది 12 పౌనులు. ఆకులు మఱల నేలలోనే రాలును. కత్తిరించిన కొమ్మలను తోటలోనే నలుగగొట్టి వేసిన అందలి నత్రజనియు నేలకే చేరును. ఇట్టి చోట బస్తా విప్పువాడు తీగకు మేలు చేయుచున్నాడా యని మన విద్యార్థులే లెక్కకట్టి చూడవచ్చును. ఇసుకనేలల సంగతి వేఱు. అచ్చట కొంత వేయక తప్పదు.

వేయవలసి వచ్చినపుడు కాలము ముఖ్యము. వసంతమున చిగురు విప్పు తీగ మొదటి కొన్నివారములు క్రిందటి యేడు కట్టెలోను వేళ్లలోను దాచుకొన్న దానితోనే బ్రదుకును. నేలనుండి నత్రజనిని బాగుగ తీసికొనునది చిగురించిన కొన్నివారముల పిమ్మటనే. కావున చిగురు వేయుటకును పూత ముగియుటకును నడుమ, ఒకటి రెండు మాఱులుగా కొంచెము కొంచెముగా వేయుదురు. నడివేసవి దాటిన పిమ్మట ముట్టరాదు. మన హైదరాబాదు ప్రాంతమున అనాబెషాహి ద్రాక్షను పెంచినవారికి ఇది వింతగా తోచవచ్చును. ఇచ్చట తీగకు చలినిద్ర లేదు. ఏటికి రెండుమాఱులు కత్తిరింతురు. పండ్లు కోసిన పిమ్మట వేసవిలో ఎరువు పెట్టి క్రొత్త కొమ్మలను పెంచుకొనుటకు నెలల వ్యవధి యుండును. మిన్నెసోటాలో పండ్లు కోసిన కొన్నివారములకే మంచు పడి ఆకు రాలిపోవును. మన పద్ధతి మంచిదే గాని, అచ్చటికి కొనిపోయిన తీగకు అపకారమే యగును.

మఱి తీగకు నత్రజని చాలినదో లేదో తెలియుట యెట్లు? నాకు మిక్కిలి నచ్చిన సంగతి యిది. చలికాలము చివఱ కొమ్మలు కత్తిరించునపుడు, ఒక్కొక్క తీగనుండి తీసిన ఏడాది కొమ్మలను కట్టగట్టి త్రాసున తూచుదురు. వరుసలో తీగ ఆక్రమించిన ప్రతి యడుగునకు 0.2 నుండి 0.4 పౌను వఱకు తూగిన పెరుగుదల సరిగా నున్నదని యర్థము. అంతకు తక్కువైన తీగ నీరసించినది, కారణము వెదకవలెను. అంతకు మించిన ఆ యేడు నత్రజని జోలికి పోరాదు. ఒక త్రాసు, ఒక నోటుపుస్తకము, కొంత యోపిక యున్న చాలును. నా చిక్కుడుపాదు నాటికి నాకు ఈ మూడవది లేకపోయినది.

తక్కిన ధాతువులలో పొటాసియము ముఖ్యమైనది. పండ్లు దీనిని విశేషముగా లాగుకొనును. టన్నునకు సుమారు 5 పౌనులు పోవును. కొఱతపడిన ఆకుల యంచులు మాడి లోపలికి ముడుచుకొనును. ఎక్కువైన పండ్లరసపు ఆమ్లగుణము తగ్గి, చేసిన రసము నిలువ చెడును. అంతేకాక వేళ్లు మగ్నీసియమును తీసికొనలేకపోవును. ఒకదానిని అతిగా పెట్టుట మఱియొకదానిని దొంగిలించుటయే. మగ్నీసియము పత్రహరితమునకు నడుమ నుండు ధాతువు. అది చాలనపుడు ఈనెలు పచ్చగనుండి నడిమి భాగము పసుపువాఱును. మనము మందుల షాపులో కొను భేదియుప్పును నీటిలో కరగించి ఆకులపై చల్లుట దీనికి ఒక చికిత్స.

ఇనుము చాలకున్నను సరిగా ఇట్టి పసుపే కనబడును. అయితే భేదము కలదు. మగ్నీసియము తీగలో కదలగలదు. కొఱత వచ్చినపుడు తల్లి తన కంచములోనిది బిడ్డకు పెట్టినట్లు ముదురాకు తనదానిని లేతాకునకు పంపును. కావున మొదటి యాకులు పసుపువాఱును. ఇనుము అట్లు కదలలేదు. కావున కొనచిగుళ్లే పాలిపోవును. ఇనుము చాలకుండుట తఱచు నేలలో ఇనుము లేకపోవుటచేత కాదు. సున్నము హెచ్చైన క్షారనేల దానిని వేళ్లకు అందనీయదు. పసుపాకును చూచి వెంటనే నత్రజని వేయువాడు ఈ రెండు జబ్బులకును మందీయక, చలిచావునకు మాత్రము దారి తీయును. బోరానును గూర్చి ఒక్కమాట: మన వెలిగారములోనుండు ఈ పదార్థము లేశమాత్రము లేకున్న పూత నిలువక గుత్తిలో పెద్దపండ్లనడుమ గింజలేని చిఱుపండ్లు మిగులును, లేశము ఎక్కువైన విషమగును.

కంటిచూపు ఇంతవఱకే. పైకి గుఱుతులు కనబడునప్పటికే నష్టము కొంత జరిగియుండును. అందుచేత తోట వేయకమునుపే మట్టిని పరీక్షింపజేయుదురు. సున్నమును నేలలో లోతుగా కలుపుట అప్పుడు సులభము, తీగలు నాటిన పిమ్మట దుస్తరము. తోట పెరిగిన పిమ్మట ఆకు తొడిమను పరీక్షింతురు. నిండుపూతలో క్రింది పూగుత్తికి ఎదుటనున్న ఆకును కోసి, రేకును పాఱవైచి, తొడిమను మాత్రము తీయుదురు. ఒక్కొక్క రకమునకు వేఱుగా 60 నుండి 100 తొడిమలను వేఱువేఱు తీగలనుండి కూర్చి, కాగితపు సంచిలో ఆఱబెట్టి ప్రయోగశాలకు పంపుదురు. పండు రంగు తిరుగునపుడు మఱల పరీక్షించువారును కలరు. అప్పుడు క్రొత్తగా ముదిరిన ఆకుల తొడిమలను తీయవలెను. పూతనాటి లెక్కను రంగు తిరిగిననాటి పట్టికతో పోల్చరాదు. ఆ పట్టికలును చాలవఱకు వేఱుజాతుల ద్రాక్షలకు ఏర్పడినవే. కావున తెలివిగల రైతు తన తోట లెక్కలను ఏటేట వ్రాసికొని, వానినే ప్రమాణముగా జేసికొనును.

చలి తగ్గుముఖము పట్టినపుడు అతడు కొన్ని కొమ్మలను ఇంటికి కొనివచ్చి, ఒకటిరెండు దినములు వెచ్చని గదిలో నుంచి, క్షురకత్తితో కన్నులను ఒక్కొక్కటిగా అడ్డముగా కోసి చూచును. నడిమి మొలక పచ్చగా నున్న బ్రదికియున్నది. గోధుమవన్నెగా నున్న చచ్చినది. నూఱు కన్నులలో ఎన్ని పచ్చగా నున్నవో లెక్కించి, ఎక్కువ చచ్చియుండిన ఆ యేడు కొమ్మలను పొడుగుగా విడిచి కత్తిరించును. పంట తగ్గనున్నది గనుక ఆ వసంతమున నత్రజని సంచి ముడి విప్పడు.