కాలేయ వైద్యులు నేర్చు కడపటి పాఠము

కాలేయము పూర్తిగా చెడినయెడల, వేఱొకరి కాలేయమును రోగికి అమర్చుట నేటి వైద్యమునకు సాధ్యము. 1963లో అమెరికాదేశపు డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ అను శస్త్రవైద్యుడు దీనిని మొదట మనుష్యునియందు చేసెను. రోగి మూడేండ్ల బాలుడు, బ్రతుకలేదు. 1967లో గాని ఆయన ప్రయత్నము ఫలింపలేదు. 1981లో ఆయన పిట్స్‌బర్గు నగరమునకు వచ్చిన పిమ్మట అచటి వైద్యశాల అనేక దేశముల వైద్యులకు పాఠశాల యయ్యెను.

ఆ దేశమున ఈ విద్యను కోరు వైద్యుడు వైద్యకళాశాలలో 4 సంవత్సరములు చదువును; సాధారణ వైద్యమున 3, జీర్ణకోశ వైద్యమున 3 సంవత్సరములు శిక్షణ పొందును. పిమ్మట మరియొక సంవత్సరము పెద్ద వైద్యశాలలో శిష్యుడుగా నుండును. ఇంత చదివినవానికి ఇంకను నేర్వవలసిన దేమి?

మొదటిది, ఎవరికి ముందుగా కాలేయము నొసగవలెనను విచారణ. దొరకు కాలేయములు కొన్ని, వేచియుండువారు పెక్కండ్రు. 2002 మొదలు అచట పెద్దల ప్రాణాపాయమును ప్రధానముగా రక్తపరీక్షలనుబట్టి 6 నుండి 40 వఱకు అంకెలతో కొలుచుచున్నారు. అయినను శస్త్రచికిత్సకు దేహము తాళునో లేదో అంకె యొక్కటియే చెప్పజాలదు.

రెండవది, మందు మోతాదు. దేహము క్రొత్త కాలేయమును పరాయిదానిగా నెంచి ఎదిరించును. ఆ యెదిరింపు నణచు మందు తక్కువైన కాలేయము చెడును. ఎక్కువైన చిన్న అంటువ్యాధియు ప్రాణాంతకము కావచ్చును. ఈ తూకము రోగి మంచమువద్దనే అలవడును.

శస్త్రచికిత్స గంటలలో ముగియును. ఈ కాపుదల రోగి బ్రతికినంతకాలము సాగవలెను. పరీక్ష గడచుటతోనే చదువు ముగిసెనని తలంచు మన బాలబాలికలు దీనిని గమనింతురని మేము కోరుచున్నాము.