పాలరాపు గుట్ట రాబందులు

పాత ఆదిలాబాదు జిల్లాలో, 2016లో కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాగా ఏర్పడిన భాగంలో, బెజ్జూరు అడవులు ఉన్నవి. అక్కడ పెద్దవాగు పక్కన నిటారుగా లేచిన కొండచరియను పాలరాపు గుట్ట అంటారు. దానిమీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకొని ఉన్న సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది.

ఈ పక్షులను చూడదలచినవారు చలికాలంలో వెళ్లవలెను. గూడు కట్టడం, గుడ్డు పెట్టడం, పొదగడం ఆ నెలలలోనే సాగుతవి. పొద్దు పొడవగానే చేరినవారికి రాబందులు చరియ అరుగులమీద కదలక మెదలక కూర్చుని కనబడతవి. అది బద్ధకం కాదు. ఐదారు కిలోల బరువు, రెండు మీటర్లకు పైగా రెక్కల వెడల్పు గల పక్షి రెక్కలాడించి ఎగరవలెనంటే చాలా శక్తి ఖర్చవుతుంది. ఎండకు బండ వేడెక్కితే దానిని తాకిన గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ గాలి బలపడేదాకా రాబందు ఆగుతుంది. ఆ తరువాత రెక్కలు చాపి, గిరికీలు కొడుతూ, రెక్క ఆడించీ ఆడించకుండానే పైకి పోతుంది. కనుక పొద్దెక్కకముందే లెక్క ముగించుకొనడం మంచిది.

గూళ్లను దూరంనుండి పోల్చుకొనడానికి గుర్తు ఒకటి కలదు: గూటికింద బండమీద సున్నం పోసినట్లుండే తెల్లని చారలు. అవి రెట్టలు. మనుష్యుడు శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని యూరియాగా నీటిలో కరిగించి విసర్జిస్తాడు. పక్షులు యూరిక్ ఆమ్లంగా, తెల్లని ముద్దగా విసర్జిస్తవి. కోడిరెట్టలోని తెలుపు కూడా ఇదే. దీనిని రక్తంనుండి తీసివేసేవి మూత్రపిండాలు. రాబందు జాతి చావుబ్రతుకులు ఈ తెలుపుతోనే ముడిపడినవి.

పశువుల నొప్పికీ వాపుకీ డైక్లోఫెనాక్ అనే మందును వాడేవారు. మందు పడిన పశువు వెంటనే చనిపోతే, కళేబరంలో కొంత మందు మిగిలి ఉంటుంది. దానిని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోతవి. యూరిక్ ఆమ్లం బయటికి పోయే దారి లేక గుండెమీద, కాలేయంమీద సుద్దవలె పేరుకొంటుంది. కొద్దిరోజులలో పక్షి చనిపోతుంది. కుళ్లిన మాంసంలోని సూక్ష్మజీవులను సైతం అరిగించుకొనే కడుపు గల పక్షి ఇంత చిన్న మోతాదుకు ఓడిపోవడం విచిత్రమే. పాకిస్తానులో చనిపోయిన రాబందులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2004లో ఈ కారణాన్ని ప్రకటించారు. 1992కూ 2007కూ మధ్య భారతదేశంలో పొడుగుముక్కు రాబందులు నూటికి సుమారు 97 తగ్గిపోయినవి.

ఇంతటి నష్టానికి కళేబరాలన్నింటిలో మందు ఉండనక్కరలేదు. ఒక రాబందు దిగడం చూసి మిగిలినవి దిగుతవి; ఒక్క కళేబరంమీద పదులకొలది వాలుతవి. నూటికి ఒకటికంటె తక్కువ కళేబరాలలో మందున్నా ఈ క్షీణతకు చాలునని లెక్క కట్టారు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరినవి. వీటికి బదులు వాడదగిన మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలింది.

అయినా జాతి తిరిగి పెరగడం నెమ్మది. జంట ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. ఆడా మగా వంతులవారీగా సుమారు ఏడు వారాలు పొదగవలెను. పిల్ల ఎగరడానికి మరి మూడు నెలలకు పైగా, తానూ గుడ్డు పెట్టే ఈడుకు రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. చూడవచ్చినవారి అలికిడికి తల్లి లేచిపోయి గుడ్డు చల్లబడితే, ఆ జంటకు ఆ ఏడు పిల్ల లేనట్లే. అందుచేత గుట్ట ఎక్కక, దుర్భిణితో దూరంనుండే చూడవలెను.