పాటకు మార్కులు వేసేదెవరు?

1993లో అలహాబాద్ నుంచి ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ అనే పత్రిక వెలువడింది. త్రివేణీ సంగమానికీ ఎలక్ట్రిక్ గిటారుకూ పొంతన కుదరటం అంత తేలిక కాదు. అయినా అమిత్ సైగల్ నెలకొల్పిన ఆ పత్రిక, సినిమా పాటదే పైచేయి అయిన దేశంలో, సొంత పాటలు కట్టుకుని పాడుకునే చిన్న చిన్న రాక్ బృందాలకు చిరునామాగా నిలిచింది. వారి కచేరీల గురించి రాసింది, వారి రికార్డులను సమీక్షించింది, 1990 దశకం చివరినాటికి ఏటా ఉత్సవాలు కూడా నిర్వహించింది. 2012లో సైగల్ గోవాలో మరణించే నాటికి వాటిలో కొన్ని బృందాలు పేరు తెచ్చుకున్నాయి. అయితే ఆ పత్రిక మెచ్చినంత మాత్రాన ఒక ఆల్బమ్ లక్షల ప్రతులు అమ్ముడుపోలేదు. తెగడినంత మాత్రాన మూలపడిందీ లేదు.

పాశ్చాత్య దేశాలలో ఇదే పని చేసిన వారికి దక్కిన అధికారంతో పోల్చితే ఈ తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. 1960 దశకంలో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డును శ్రోత చాలా వరకు వినకుండానే కొనవలసి వచ్చేది. రేడియోలో వినిపించేది ఒకటి రెండు పాటలు. అట్టలో ఉండేవి పది పన్నెండు. మిగిలినవి ఎలా ఉంటాయో డబ్బు చెల్లించి ఇంటికి పోయిన తరువాతగాని తెలియదు. న్యూయార్క్ వారపత్రిక ‘విలేజ్ వాయిస్’లో 1969 జూలైలో రాబర్ట్ క్రిస్ట్‌గావ్ ప్రారంభించిన శీర్షికకు ‘కన్స్యూమర్ గైడ్’ అని పేరు పెట్టటంలోనే అసలు సంగతి ఉంది. కొనేవాడు జేబులో చెయ్యి పెట్టకముందే అందవలసిన సలహా అది. బడిపంతులు ప్రోగ్రెస్ కార్డు మీద వేసినట్లు ఒక్కొక్క రికార్డుకు ఏ, బి, సి, డి శ్రేణులు వేసి కింద నాలుగు పంక్తుల వ్యాఖ్య జతచేసేవారు. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక మాత్రం 1967లో ప్రారంభమైనా చాలాకాలం మార్కుల జోలికి పోలేదు. 1979లో దాని పేరిట వెలువడిన రికార్డ్ గైడ్‌లో అయిదు నక్షత్రాల పద్ధతి ప్రవేశించింది. ఎందుకూ కొరగానివని తలచిన రికార్డులకు నక్షత్రానికి బదులు ఒక నల్ల చదరం కేటాయించారు.

ఆ తీర్పులు ఎంతకాలం నిలిచాయన్నది వేరే సంగతి. లెడ్ జెప్లిన్ బృందం తొలి ఆల్బమ్‌ను 1969లో ‘రోలింగ్ స్టోన్’ సమీక్షకుడు జాన్ మెండెల్సన్ తీసిపారేశారు. పత్రికలవారంటే ఆ బృందానికి ఏళ్ల తరబడి పోని విముఖతకు అలాంటి సమీక్షలే కారణం. అదే పత్రిక 2003లో సర్వకాలాల్లో ఉత్తమమైన 500 ఆల్బమ్‌ల జాబితా ప్రకటిస్తూ దానికి 29వ స్థానం ఇచ్చింది. ఆ జాబితాలో మొదటి స్థానం బీటిల్స్ బృందం 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌కు దక్కింది. విడుదలైన రోజుల్లో ‘న్యూయార్క్ టైమ్స్’ సమీక్షకుడు రిచర్డ్ గోల్డ్‌స్టీన్ పెదవి విరిచిన ఆల్బమ్ అది. 2020లో కొత్త న్యాయనిర్ణేతలతో జాబితాను మళ్లీ తయారుచేసినప్పుడు అది 24వ స్థానానికి దిగింది. మార్విన్ గే 1971 నాటి ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అగ్రస్థానానికి చేరింది. రికార్డుల్లోని పాటలు అక్షరం మారలేదు. మారినవారు తీర్పరులే.

తీర్పు వెనుక స్నేహాలూ లేకపోలేదు. 2001లో మిక్ జాగర్ సొంతంగా వెలువరించిన ‘గాడెస్ ఇన్ ద డోర్‌వే’కు ‘రోలింగ్ స్టోన్’ అధిపతి జాన్ వెన్నర్ తానే కలం పట్టి అయిదుకు అయిదు నక్షత్రాలు ప్రసాదించారు. జాగర్ ఆయనకు పాత మిత్రుడు. కొనేవారు మాత్రం ఆ నక్షత్రాలను చూసి మోసపోయినట్లు లేదు, అమ్మకాలు అంతంత మాత్రంగానే సాగాయి.

చిన్నవారి విషయం అలా కాదు. ఇంటర్నెట్ పత్రిక ‘పిచ్‌ఫోర్క్’ పదికి దశాంశాలతో సహా మార్కులు వేసేది. 2004లో ఆర్కేడ్ ఫైర్ అనే కెనడా బృందం తొలి ఆల్బమ్ ‘ఫ్యునరల్’కు 9.7 వేసింది. దానిని విడుదల చేసిన చిన్న సంస్థ వద్ద ప్రతులు చూస్తుండగానే నిండుకున్నాయి. ఆ బృందమే 2011లో గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం అందుకుంది. అదే 2004లో ట్రావిస్ మారిసన్ అనే గాయకుని ‘ట్రావిస్తాన్’కు ఆ పత్రిక వేసిన మార్కు సున్నా. అప్పటివరకు తనను అభిమానించిన ప్రేక్షకుల తీరు రాత్రికి రాత్రే మారిపోయిందని మారిసన్ తరువాత పత్రికలవారికి చెప్పుకున్నారు. 2021లో ‘పిచ్‌ఫోర్క్’ తన పాత మార్కులు కొన్ని తానే సవరించుకుంది. లిజ్ ఫెయిర్ 2003 నాటి ఆల్బమ్‌కు వేసిన సున్నాను ఆరుకు పెంచింది. పద్దెనిమిదేళ్ల తరువాత కలిపిన ఆ ఆరు మార్కులు ఆమెకు ఏ మేరకు ఉపకరించాయో ఊహించుకోవలసిందే.

భారత ఉపఖండంలో మార్కుల కథ మరో దారిన నడిచింది. ఇక్కడ అత్యంత కఠినమైన సమీక్షకుడు సాక్షాత్తు ప్రభుత్వమే. 1952లో సమాచార, ప్రసార శాఖ చేపట్టిన బి.వి.కేస్కర్ సినిమా పాటలను చవకబారువిగా భావించి ఆకాశవాణి నుంచి దాదాపు వెళ్లగొట్టారు. శ్రోతలు ఆయన తీర్పును శిరసావహించలేదు, రేడియో ముల్లును సిలోను వైపు తిప్పారు. అదే ఏడాది చివర రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో మొదలైన ‘బినాకా గీత్‌మాలా’ వారం వారం పాటలకు మెట్లు కట్టి స్థానాలు ప్రకటించేది. ఆ స్థానాలకు ఆధారం రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఉత్తరాలే తప్ప విమర్శకుల అభిప్రాయం కాదు. చివరకు 1957లో ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించి వెనక్కు తగ్గవలసి వచ్చింది.

1980 దశకంలో క్యాసెట్ వచ్చి సమీక్షకుని అవసరాన్ని మరింత తగ్గించింది. గుల్షన్ కుమార్ స్థాపించిన టి-సిరీస్ సంస్థ చవక క్యాసెట్‌ను కిరాణా కొట్టుకూ పాన్ దుకాణానికీ చేర్చి, గ్రామఫోన్ కంపెనీ ఏళ్ల తరబడి అనుభవించిన గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టింది. ఆంధ్ర దేశంలోని పట్టణాలలో కోరిన పాటల చీటీ ఇస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ సెంటర్లు వీధికొకటి వెలిశాయి. నచ్చని పాటను ఆ చీటీలో రాయనక్కరలేదు. కొన్న క్యాసెట్ బాగాలేకపోతే దానిమీదే మరో పాట రికార్డు చేసుకోవచ్చు. అంతకంటే కఠినమైన సమీక్ష ఏ పత్రికలో వస్తుంది? 1995లో బిద్దు స్వరకల్పనలో అలీషా చినాయ్ పాడిన ‘మేడిన్ ఇండియా’ దేశాన్ని ఊపినప్పుడు దానిని ఇంటింటికీ చేర్చింది టెలివిజన్ చానెళ్లలో పదేపదే కనిపించిన దృశ్యగీతమే. ‘రోలింగ్ స్టోన్’ భారతీయ సంచిక 2008లో నక్షత్రాలతో సహా అడుగుపెట్టేసరికి ఆ పాప్ ఆల్బమ్‌ల వెలుగు తగ్గిపోయింది. సినిమా పాట తన స్థానాన్ని తిరిగి ఆక్రమించుకుంది.

వినకుండా కొనవలసిన అగత్యం ఇప్పుడు పాశ్చాత్య దేశాలలోనూ లేదు. నెలసరి చందా కట్టినవారికి, ప్రకటనలు భరించగలిగినవారికి కోట్ల పాటలు ఫోనులోనే అందుతున్నాయి. అమెరికాలో దాని ఫలితం 2024 జనవరిలో తేటతెల్లమైంది. కాండే నాస్ట్ సంస్థ తన అధీనంలోని ‘పిచ్‌ఫోర్క్’ను పురుషుల పత్రిక ‘జి.క్యూ.’లో విలీనం చేసి పలువురు సిబ్బందిని తొలగించింది. ఒకప్పుడు దశాంశం తేడాతో బృందాల జాతకాలు మార్చినవారు ఉద్యోగాలు వెతుక్కోవలసి వచ్చింది.

ఆ ఉచిత మార్గాన్ని ఢిల్లీ బృందం ‘ఇండియన్ ఓషన్’ 2010లోనే తొక్కింది. పదేళ్ల కిందట ‘కందీసా’ ఆల్బమ్‌ను ఒక సంగీత సంస్థ ద్వారా విడుదల చేసిన ఆ బృందం, ఈసారి ఏ సంస్థ గడపా తొక్కకుండా, నెలకొక పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా అందజేసింది. ఆ ఆల్బమ్ పేరు ‘16/330 ఖజూర్ రోడ్’. కరోల్‌బాగ్‌లో వారు ఏళ్ల తరబడి సాధన చేసిన పాత ఇంటి చిరునామా అది. తబలా వాద్యకుడు, గాయకుడు అషీం చక్రవర్తి 2009 డిసెంబరులో మరణించారు. అంతకుముందే ధ్వనిముద్రణ జరిగిన ఆ పాటలలో ఆయన గొంతును శ్రోతలు నెలనెలా విన్నారు.