గ్రూప్ డిస్కషన్‌లో కులం మాట్లాడదా?

గత ప్లేస్‌మెంట్ సీజన్‌లో మా విశ్వవిద్యాలయానికి వచ్చిన ఒక కంపెనీ గ్రూప్ డిస్కషన్‌కు ఇచ్చిన అంశం ‘రిజర్వేషన్లు ప్రతిభను దెబ్బతీస్తున్నాయా?’ వలయాకారంలో పది కుర్చీలు, ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు, మాట్లాడడానికి పదిహేను. రాతపరీక్షలో మా విభాగం నుంచి ముందు నిలిచిన ఒక దళిత విద్యార్థి ఆ పదిహేను నిమిషాల్లో నోరు తెరవలేదు. బయటికి వచ్చాక కారణం అడిగాను. ‘మాట్లాడితే నేనెవరో తెలిసిపోతుంది సార్. మాట్లాడకపోతే ఉద్యోగం పోతుంది. ఏది పోగొట్టుకోవాలో తేల్చుకునేలోపే టైం అయిపోయింది’ అన్నాడు.

రాతపరీక్షకూ ఇంటర్వ్యూకూ మధ్య పట్టే జల్లెడ ఈ గ్రూప్ డిస్కషన్. విషయ పరిజ్ఞానం, భావవ్యక్తీకరణ, నాయకత్వ లక్షణం, ఎదుటివారి మాట వినే ఓపిక: సాధారణంగా మార్కులు వేసేది వీటికే. రాతపరీక్షకు ‘కీ’ ఉంటుంది, దానిపై అభ్యంతరం చెప్పుకోవచ్చు. నాయకత్వ లక్షణానికి ‘కీ’ ఎవరి దగ్గర ఉంది? ఇంట్లో భోజనాల దగ్గర తండ్రితో ఇంగ్లిష్‌లో వాదించి పెరిగిన పిల్లవాడి చొరవ నాయకత్వంగా కనిపిస్తుంది. రచ్చబండ మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో ముందే తేలిపోయిన ఊరి నుంచి వచ్చిన పిల్లవాడి మౌనం ఆత్మవిశ్వాస లోపంగా నమోదవుతుంది. ‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది’ అన్న సామెతను ఊళ్లో చెప్పుకునే అర్థం వేరు. వాడలో తల్లులు పిల్లలకు చెప్పుకున్న అర్థం వేరు, నోరు కట్టుకోమని.

ఇది నా ఊహ మాత్రమే కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన అర్హతలున్న దరఖాస్తులను కేవలం పేర్లు మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు అందే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేర్లకు మూడింట ఒక వంతు. అదే సంవత్సరం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ నియామకాధికారులతో మాట్లాడినప్పుడు, తాము ప్రతిభనే చూస్తామన్నవారే అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ కూడా ముఖ్యమన్నారు. 1980లో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు, శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల్లో మూడింట ఒక వంతు మార్కులను ఇంటర్వ్యూకు కేటాయించడం ఏకపక్షమని, అవి 15 శాతం మించరాదని చెప్పింది. రెండు మూడు నిమిషాల ఆ ఇంటర్వ్యూల్లో తండ్రి ఎవరు, ఇల్లెక్కడ అని అడిగారన్నది ఆ కేసులో వచ్చిన ఫిర్యాదు. ప్రైవేటు కంపెనీ హాలు గడప దగ్గర ఈ తీర్పు ఆగిపోతుంది. రాజ్యాంగం 16వ అధికరణ కూడా అక్కడే ఆగిపోతుంది.

ఆ సంఘటన తర్వాత ప్రతి బుధవారం సాయంత్రం మా విభాగంలో సాధన మొదలుపెట్టాం. (ఇన్నేళ్లుగా ఎందుకు మొదలుపెట్టలేదన్న ప్రశ్నకు నా దగ్గర గౌరవప్రదమైన సమాధానం లేదు.) మొదటి నెల చర్చలన్నీ తెలుగులోనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, మిర్చి ధరలు, హాస్టల్ మెస్. భాష గురించిన భయం తొలగితే వాదన ఎంత పదునుగా ఉందో పిల్లలకే తెలిసివచ్చింది. ఆ తర్వాతే అవే అంశాలు ఇంగ్లిష్‌లో. అన్నిటికన్నా కష్టమైనది ఇతరుల మాటల మధ్యలో ప్రవేశించడం. అవతలివాడు ఊపిరి తీసుకునే క్షణం కోసం కాచుకుని, అతడి చివరి మాటనే అందుకుని మన వాదన మొదలుపెట్టాలి. ఈ ఒక్కదానికే మూడు వారాలు పట్టింది. పెద్దల మాటకు అడ్డురావడం తప్పని పదిహేనేళ్లు నేర్పాక, అడ్డురావడమే అర్హత అంటే ఎవరికైనా తడబాటు తప్పదు.

రిజర్వేషన్ల అంశాన్ని తప్పించుకోకుండా విడిగా సాధన చేయించాను. సొంత జీవితాన్ని సాక్ష్యంగా పెట్టనక్కరలేదు, ఆధారాలు పెట్టండి అని చెప్పాను. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వే గణాంకాలను పరిశీలించి, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరగడం వల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఇరవై సెకన్లలో చెప్పగలిగే ఈ ఒక్క విషయం చర్చ దిశనే మార్చగలదు.

మార్కెట్‌కు నచ్చేలా పిల్లలను చెక్కుతున్నావని వామపక్ష మిత్రుడొకరు ఎద్దేవా చేశారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ అద్దె గదిలో ఇంటి నుంచి వచ్చే ఫోన్‌కు జవాబు చెప్పవలసింది ఆ పిల్లలు, మేమిద్దరం కాదు. అయితే శిక్షణ భారమంతా పిల్లలపైనే వేసి విశ్వవిద్యాలయం తప్పుకోరాదు. క్యాంపస్‌లోకి అనుమతించే ముందే చర్చాంశాలను ప్లేస్‌మెంట్ విభాగం చూడాలి. గదిలో ఎస్సీ, ఎస్టీ సెల్ ప్రతినిధి ఒకరు కూర్చోవాలి. ఎంపిక కాని విద్యార్థికి తన మార్కుల పత్రం చూపించాలి. ఈ మూడూ రాసి ఇచ్చాను. కంపెనీలు రావడం మానేస్తాయేమోనని అధికారులు అంటున్నారు.

ఆ విద్యార్థి గత నెల మరో కంపెనీ డిస్కషన్‌కు వెళ్లాడు. నాలుగుసార్లు మాట్లాడానని, ఒకసారి పక్కనున్న అమ్మాయి మాట మధ్యలో తెగిపోతే ఆమెను పూర్తి చేయనివ్వమని అడిగానని చెప్పాడు. ఫలితం ఇంకా రాలేదు.