తుప్పు పట్టని చువ్వ ఎన్నాళ్లు మన్నుతుంది?

విశాఖ తీరంలో ఇంటికి పెద్ద బెడద ఉప్పుగాలి. అందులోని క్లోరైడ్ కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి స్లాబు పెచ్చులూడుతుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం పక్కనున్న బోద్రీలో ఈ ఉప్పు బాధ లేదు. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ప్రాంతమిది. ఇక్కడి వాతావరణంలో వేసవి వేడి 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వెంటనే వానకాలం. ఇనుముకు బదులుగా వస్తున్న గాజుపోగుల చువ్వకు పరీక్ష పెట్టేవి ఈ వేడి, తేమలే.

సన్నని గాజుపోగులను రెజిన్‌లో తడిపి, అచ్చులోంచి లాగి గట్టిపరిస్తే ఈ చువ్వ తయారవుతుంది. దీన్నే జీఎఫ్‌ఆర్‌పీ చువ్వ అంటారు. బరువు ఉక్కులో సుమారు నాలుగో వంతు. లాగుడు బలం మాత్రం మామూలు ఉక్కు కంటే ఎక్కువ. తుప్పు పట్టదు, విద్యుత్తును ప్రసరింపజేయదు.

అలాగని దీనికి శత్రువులే లేరనుకోకూడదు. కాంక్రీటు లోపలి తేమ గాఢమైన క్షారం. దాని పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారమే ఇనుము చుట్టూ పలుచని రక్షణ పొరను నిలిపి తుప్పును ఆపుతుంది. గాజుకు మాత్రం అదే హాని చేస్తుంది. రెజిన్‌లోంచి తేమ మెల్లగా ఇంకితే, క్షారం గాజులోని సిలికా బంధాలను తెంచుతుంది. వేడి పెరిగితే ఈ చర్య వేగం కూడా పెరుగుతుంది. అందుకే ప్రయోగశాలల్లో చువ్వలను 60 డిగ్రీల క్షారద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, ఏళ్ల తరవాత ఎలా ఉంటాయో అంచనా వేస్తారు.

అయితే వాడుకలో ఉన్న కాంక్రీటు ఎప్పుడూ నీళ్లలో నానుతూ ఉండదు. కెనడాలో ఐదు నుంచి ఎనిమిదేళ్లు వాడిన వంతెనలు, రేవు కట్టడాల నుంచి ముక్కలు కోసి సూక్ష్మదర్శినితో చూస్తే గాజుపోగులు దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించలేదు. ఇది భరోసా ఇచ్చే ఫలితమే. కాకపోతే అది చలిదేశం. ఆ అనుభవాన్ని బోద్రీ ఎండకు నేరుగా అన్వయించలేం.

అందుకే డిజైనర్లు జాగ్రత్త పడతారు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2015 మార్గదర్శకం ప్రకారం, నేలకూ వానకూ తగిలే చోట ఈ చువ్వ బలాన్ని 70 శాతంగానే లెక్కించాలి. నిరంతరం మోసే బరువు వల్ల కలిగే ఒత్తిడి ఆ తగ్గించిన బలంలో ఐదో వంతు దాటకూడదు. మన్నిక రెజిన్ మీద కూడా ఆధారపడుతుంది. పాలిస్టర్ కంటే వినైల్ ఎస్టర్ క్షారాన్ని బాగా తట్టుకుంటుంది.

భారత ప్రమాణాల సంస్థ 2023లో ఈ చువ్వలకు ఐఎస్ 18256 ప్రమాణం తెచ్చింది. ఇల్లు కట్టేవారు ఆ ప్రమాణానికి తగిన పరీక్ష పత్రం, రెజిన్ రకం, క్షారంలో నానిన తరవాత మిగిలే బలం ఎంతో అడగాలి. ఉక్కు కోసం వేసిన ప్లానులో చువ్వకు చువ్వగా మార్చడం ప్రమాదం. దీని బిగువు ఉక్కులో నాలుగో వంతే కాబట్టి స్లాబు ఎక్కువగా కుంగుతుంది. సైట్లో వంచడానికి వీల్లేదు, తెగేముందు ఉక్కులా సాగదు, మంటల్లో రెజిన్ మెత్తబడుతుంది. ఇంజినీరు మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టాకే దీన్ని వాడాలి.