ఎడమకు తిప్పితే కుడికి

2018 నవంబరు 11. లిస్బన్ పక్కనున్న అల్వెర్కా వైమానిక స్థావరంలో భారీ మరమ్మతులు పూర్తయిన ఎయిర్ అస్తానా ఎంబ్రేయర్ 190 కజకిస్తాన్‌కు తిరుగు ప్రయాణమైంది. లోపల ఉన్నది ఆరుగురే. బయట మబ్బు. నేల విడిచీ విడవగానే విమానం మాట వినడం మానేసింది. ఒక పక్కకు ఒరిగిందని పైలట్ సరిచేయబోతే ఇంకా ఒరిగింది.

రెక్కల వెనక అంచున, కొసల దగ్గర కదిలే పలకలుంటాయి. వాటినే ఎయిలెరాన్లు అంటారు. పైలట్ కుడికి తిప్పితే కుడి పలక పైకి లేస్తుంది, ఎడమది కిందికి దిగుతుంది. కుడి రెక్కను ఎత్తే బలం తగ్గి, ఎడమ రెక్కది పెరిగి, విమానం కుడికి వాలుతుంది. ఈ మోడల్‌లో పైలట్ చేతి కదలికను ఎయిలెరాన్ల దాకా మోసేవి ఉక్కు కేబుళ్లు. మరమ్మతుల్లో వాటిని తారుమారుగా బిగించారు. హెచ్చరిక సందేశం అప్పుడే వచ్చింది. రోజుల తరబడి వెతికినా అసలు తప్పు దొరకలేదు.

నియంత్రణ బలహీనపడితే పైలట్ ఇంకాస్త గట్టిగా తిప్పి నెట్టుకొస్తాడు. దిశే మారిపోతే ఆ గట్టితనమే ప్రమాదం. హ్యాండిల్ ఎడమకు తిప్పితే చక్రం కుడికి తిరిగే సైకిల్ ఇస్తే, ఎన్నేళ్ల అలవాటున్నవాడైనా పది గజాలు పోలేడు. పైగా ఇక్కడ రెక్క మీది స్పాయిలర్లనే మరో రకం పలకలకు ఆదేశం కరెంటు ద్వారా వెళ్తుంది కాబట్టి అవి సరైన దిశలోనే లేచాయి. ఒకే రెక్క మీద రెండు రకాల పలకలు ఒకదానికొకటి ఎదురుతిరిగాయి. అందుకే దిశ తారుమారైందని పోల్చుకోవడం కూడా కష్టమైంది. రన్‌వే మీద చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి గనక ఎగిరేదాకా విమానం తీరులో ఏ తేడా తెలియలేదు.

సముద్రంలో దించేస్తామని పైలట్లు దారి అడిగారు. అటు తిప్పడమే సాధ్యం కాలేదు. చివరికి కంప్యూటర్ సవరింపులను పక్కనబెట్టే ‘డైరెక్ట్ మోడ్’కు మార్చారు. ముక్కు ఎత్తడం, దించడం కొంత దారికొచ్చాయి. ఒరుగుడు పోలేదు కాబట్టి ఎయిలెరాన్లను వీలైనంత తక్కువ కదిపారు. నా దృష్టిలో ఆ రోజు అసలైన నేర్పు అదే: చేతిని ఆపుకోవడం. రెండు ఎఫ్-16 యుద్ధ విమానాలు తోడు రాగా బేజా వైమానిక స్థావరం చేరారు. రెండుసార్లు దిగబోయి విరమించి, మూడోసారి నేల తాకారు. అదీ అనుకున్న రన్‌వే మీద కాదు, పక్కకు జరిగిపోయి దాని జంట రన్‌వే మీద! ఆరుగురూ బతికారు. విమానం మాత్రం పనికిరాకుండా పోయింది.

ఇలాంటి తప్పు ఇదొక్కటే కాదు. 2001 మార్చి 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సా ఎ320 విమానంలో కెప్టెన్ కంట్రోల్ స్టిక్ వైర్లు ఇలాగే మారిపోయాయి. రెక్క కొస నేలకు అర మీటరు దాకా వచ్చింది. కో-పైలట్ స్టిక్ సరిగా ఉండటంతో అతను నియంత్రణ అందుకున్నాడు. 1947లో ఇంగ్లండ్‌లోని వుడ్‌ఫర్డ్‌లో ఆ అదృష్టం లేదు. లాంకాస్టర్ బాంబర్ రూపకర్త రాయ్ చాడ్విక్, ఎయిలెరాన్ కేబుళ్లు తారుమారైన అవ్రో ట్యూడర్ విమానం కూలి చనిపోయారు.

ఎగిరే ముందు కంట్రోళ్లను చివరిదాకా ఆడించి చూస్తారు. అడ్డు లేకుండా కదిలితే సరిపోదు, ఏ పలక ఎటు లేస్తోందో తెర మీది బొమ్మలో పోల్చి చూడాలి. అల్వెర్కాలోనూ, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ ఆ పరీక్షలో లోపం బయటపడలేదు.